నాడీ వ్యవస్థ, నిద్ర, మూడ్ డిజార్డర్స్: నర్సింగ్ విద్యార్థులు ఎలా చదవాలి

నర్సింగ్‌లో చేరిన కొత్తలో నన్ను బాగా తికమకపెట్టింది ఇంగ్లిష్ మాట కాదు, తెలుగు మాట. నరం. సెలైన్ పెట్టేటప్పుడు సీనియర్ సిస్టర్ "నరం దొరకట్లేదే" అంటుంది. ఓపీ బల్ల మీద కూర్చున్న తాతయ్య "నరాల వీక్‌నెస్ తల్లీ" అంటాడు. మెడ పట్టేసిన ఆవిడ "నరం మీద నరం ఎక్కింది" అంటుంది. మొదటిది సిర. మూడోది చాలాసార్లు కండరం. రెండోది ఏదైనా కావచ్చు: షుగర్ వల్ల వచ్చిన తిమ్మిర్లు, రక్తహీనత, పట్టని నిద్ర, ఎవరికీ చెప్పుకోలేని దిగులు. ఇవి చాలవన్నట్టు "నాడి చూడమ్మా" అంటే పల్స్, పుస్తకంలో "నాడీ వ్యవస్థ" అంటే నెర్వస్ సిస్టమ్.

గుంటూరులోనో విజయవాడలోనో బీఎస్సీ, జీఎన్ఎం చదువుతున్న మీకు ఈ తికమక తప్పదు. దీనికి తోడు సిలబస్ కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. బీఎస్సీలో అయితే నాడీకణం మొదటి సెమిస్టర్ ఫిజియాలజీలో, నిద్ర ఫౌండేషన్స్‌లో, పక్షవాతం, ఫిట్స్ అడల్ట్ హెల్త్‌లో, డిప్రెషన్, మేనియా ఐదో సెమిస్టర్ మెంటల్ హెల్త్‌లో. చివరిదాకా వచ్చేసరికి మొదటిది మర్చిపోతాం. నాడీ వ్యవస్థ, నిద్ర, మూడ్ డిజార్డర్స్, ఈ మూడూ ఒకటే పాఠమని, దాని మధ్యలో నిద్రను పెట్టుకుంటే రెండు వైపులా దారి దొరుకుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. వార్డులో పడి తెలుసుకున్నాను. ఆ వరసలోనే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక మాటల పుస్తకం పెట్టండి

రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనండి. పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమ వైపు పేషెంట్ అన్న మాట, అన్నది అన్నట్టు తెలుగులో. కుడి వైపు పరీక్షలో రాయాల్సిన మాట. "తల దిమ్ముగా ఉంది", "కళ్ళు బైర్లు కమ్మాయి", "కాలు ఈడుస్తున్నాడు", "మూతి ఒక పక్కకి పోయింది", "ఏమీ తోచట్లేదు", "ఒళ్ళంతా మంటలు", "గుండె దడదడలాడుతోంది". కుడి వైపు వెంటనే నింపేయకండి. ముందు అడిగి తెలుసుకోండి. "తల తిరుగుతోంది" అంటే గది తిరుగుతున్నట్టా, పడిపోతానేమోనన్న భయమా, లేవగానే కళ్ళు చీకట్లు కమ్మడమా? మూడింటికీ కుడి వైపు మూడు వేర్వేరు మాటలు వస్తాయి.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. సైకియాట్రీ పోస్టింగ్‌లో ప్రాసెస్ రికార్డింగ్, అంటే పేషెంట్‌తో జరిగిన మాటలు, రాస్తున్నాను. ఒకావిడ "పొద్దున లేచి పొయ్యి వెలిగించబుద్ధి కావట్లేదమ్మా, మనవడొచ్చినా ఒళ్ళోకి తీసుకోబుద్ధి కావట్లేదు" అంది. నేను చక్కగా "వీక్‌నెస్" అని ఇంగ్లిష్‌లో రాసుకొచ్చాను. మా ట్యూటర్ మేడమ్ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, "ఆవిడకి ఒంట్లో శక్తి లేదని రాశావు. ఆవిడ చెప్పింది మనసులో ఇష్టం చచ్చిపోయిందని" అన్నారు. ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం, అంటే ఆన్‌హెడోనియా, డిప్రెషన్‌కి ఉన్న రెండు ముఖ్య లక్షణాల్లో ఒకటి. దాన్నే నేను బి కాంప్లెక్స్‌తో తగ్గే జబ్బుగా మార్చేశాను. అప్పటినుంచి ముందు తెలుగులో రాసుకుని, ఇంగ్లిష్‌లోకి హాస్టల్‌కి వచ్చాకే మార్చేదాన్ని. మీరూ అలాగే చేయండి.

తర్వాత ఒకే ఒక బొమ్మ

నాడీ వ్యవస్థ అధ్యాయం మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదవబోయి అలసిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. దాని బదులు సినాప్స్ బొమ్మ నేర్చుకోండి. తెల్లకాగితం మీద, పుస్తకం మూసేసి, ఐదు నిమిషాల్లో వేయగలగాలి. ఒక నాడీకణం చివర, చిన్న ఖాళీ, అవతల రెండో కణం. ఆ ఖాళీ దగ్గర నాలుగు పనులు జరుగుతాయి: రసాయనం తయారవడం, విడుదలవడం, అవతలి కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్‌కి అతుక్కోవడం, పని అయ్యాక విరిగిపోవడం లేదా వెనక్కి వెళ్ళిపోవడం. ఇవే నాలుగు స్టేషన్లు.

ఇప్పుడు మందుల్ని ఈ స్టేషన్ల దగ్గర దించండి. పార్కిన్సన్ పేషెంట్‌కి ఇచ్చే లెవోడోపా మొదటి స్టేషన్: డోపమైన్ తయారీకి ముడిసరుకు. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు నాలుగో స్టేషన్: సెరటోనిన్ వెనక్కి పోకుండా ఆపుతాయి. ఎంఏఓ ఇన్హిబిటర్లు కూడా అక్కడే, విరిగిపోకుండా ఆపుతాయి. లోరాజెపామ్, డయజెపామ్ మూడో స్టేషన్: గాబా అనే రసాయనం మెదడుని శాంతింపజేసే పనిని పెంచుతాయి. అట్రోపిన్ కూడా మూడోదే, కానీ అది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని రిసెప్టర్ దగ్గర కూర్చోనివ్వదు. నలభై మందుల పేర్లు బట్టీ పట్టడం కంటే ఇలా దించుకోవడం తేలిక. కొత్త మందు కనిపిస్తే అడగాల్సింది ఒకటే, ఇది ఏ స్టేషన్‌లో దిగుతుంది అని.

నాడులు రసాయనాలతో మాట్లాడుకుంటాయని రుజువు చేసిన ప్రయోగం కథ కూడా తెలుసుకోండి, వైవాలో చెబితే ఎగ్జామినర్ మొహంలో కాస్త నవ్వు వస్తుంది. ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్తకి ఆ ప్రయోగం నిద్రలో తట్టిందట. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారాక చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు, మన నైట్ డ్యూటీ నోట్స్ లాగే. మర్నాటి రాత్రి మళ్ళీ తడితే ఈసారి పడుకోకుండా నేరుగా ల్యాబ్‌కి పోయాడు. ఒక కప్ప గుండె దగ్గర, గుండెని నెమ్మదింపజేసే వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకి పోస్తే రెండోది కూడా నెమ్మదించింది. 1921లో అచ్చయిన ఆ పనికి 1936లో హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కోలిన్.

ఆ ఎసిటైల్‌కోలిన్ మన దగ్గర క్యాజువాలిటీలో ఎదురవుతుంది

గుంటూరు, పల్నాడు వైపు మిర్చి, పత్తి నేల. పురుగుమందు కేసు చూడకుండా ఇక్కడ నర్సింగ్ పూర్తి చేసినవాళ్ళు అరుదు. నా లెక్కలో ఈ ఒక్క మంచం దగ్గర మూడు పాఠాలూ ఉన్నాయి. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు నిలబడండి.

ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. నాలుగో స్టేషన్ మూతపడింది. రసాయనం పేరుకుపోయింది. ఇక లక్షణాలు బట్టీ పట్టక్కర్లేదు, బొమ్మ చూసి చెప్పేయవచ్చు: నోట్లో నురగ, కళ్ళ నీళ్ళు, చెమట, విరేచనం, గుండుసూది మొనంత చిన్నవైన కంటిపాపలు, నెమ్మదించిన గుండె, ఊపిరితిత్తుల్లో గురగుర. అట్రోపిన్ ఎందుకిస్తారు? మూడో స్టేషన్ మూయడానికి. ఎంతవరకు ఇస్తారు? ఛాతీలో గురగుర పోయేవరకు, పల్స్, బీపీ కోలుకునేవరకు. పాపలు పెద్దవయ్యాయా అన్నది ఒక్కటే చూసి సంతోషపడకూడదు. పామ్ అని మనం పిలిచే ప్రాలిడాక్సిమ్ ఎందుకు? మూతపడిన ఎంజైమ్‌ని మళ్ళీ లేపడానికి.

రెండో రోజో మూడో రోజో పేషెంట్ తేరుకున్నట్టు కనిపిస్తాడు. అప్పుడే నర్స్ కన్ను కావాలి. సుమారు 24 నుంచి 96 గంటల మధ్యలో మెడ, ఊపిరి కండరాలు బలహీనపడే ప్రమాదం ఉంది. "తల దిండు మీంచి ఎత్తు బాబూ" అనండి. ఎత్తలేకపోతే, ఎత్తి నిలపలేకపోతే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. దీనికి పరికరమేమీ అక్కర్లేదు.

అదే పేషెంట్ రాత్రంతా నిద్రపోకుండా గాల్లో ఏవో పట్టుకుంటూ, దుప్పటి పీకుతూ, భార్యని గుర్తుపట్టకుండా ఉంటే? పక్క మంచం వాళ్ళు "పిచ్చెక్కింది" అంటారు, ఇంటివాళ్ళు "గాలి సోకింది" అంటారు. మీరు ఒళ్ళు వేడిగా ఉందా, నోరు ఎండిపోయిందా, మూత్రం ఆగిందా, పొట్ట ఉబ్బిందా చూడండి. అట్రోపిన్ ఎక్కువైతే వచ్చే డెలీరియం ఇలాగే ఉంటుంది. గంటల్లో మొదలై, ఎక్కువా తక్కువా అవుతూ, తెలివి మసకబారితే డెలీరియం. డిప్రెషన్‌లో తెలివి మసకబారదు. ఈ తేడా మీద ప్రశ్న రాని సంవత్సరం తక్కువ.

ఇక అతనికి పూర్తిగా తెలివొచ్చాక మూడో పాఠం. ఎందుకు తాగాడు? మనలో చాలామంది ఇక్కడే మొహం తిప్పేసుకుని ఐవీ స్టాండ్ సర్దుతాం. అడగండి. "ఇప్పుడు కూడా చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, నెమ్మదిగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలామందికి చెప్పుకునే చోటు దొరికినట్టవుతుంది. జవాబు అవునైతే అతన్ని ఒంటరిగా వదలకుండా చార్జ్ సిస్టర్‌కి, డాక్టర్‌కి చెప్పండి. "కేసవుతుంది, జైల్లో వేస్తారు" అని ఎవరైనా బెదిరిస్తుంటే మీకు తెలియాల్సింది ఒకటుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, వేరేగా రుజువైతే తప్ప శిక్షించకూడదు.

క్రేనియల్ నెర్వులకి ఒక్క సాయంత్రం చాలు

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులివి, పన్నెండు జతలు. వరస కోసం ఏ గుర్తుమాటైనా పెట్టుకోండి, హాస్టల్లో ప్రతి బ్యాచ్‌కీ సొంతది ఒకటి ఉంటుంది, అది ఇక్కడ రాయలేను. రూమ్‌మేట్ మొహం మీద పరీక్షించి నేర్చుకోండి. మొదటి నెర్వ్‌కి కాఫీపొడి వాసన చూపించండి. గుంటూరు కారం మాత్రం చూపించకండి. ఆ ఘాటు తగిలేది ఐదో నెర్వ్‌కి. వాసన బొత్తిగా తెలియనివాళ్ళు కూడా తుమ్ముతారు, మీరు మొదటి నెర్వ్ బాగుందని రాసేస్తారు.

వెన్ను నెర్వులు 31 జతలు. మెడ ఎముకలు ఏడు, మెడ నెర్వులు ఎనిమిది. వైవాలో ఇక్కడ కాలు జారుతుంది. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము ఎముకలు ఎల్1, ఎల్2 దగ్గర ఆగిపోతుంది కాబట్టి లంబార్ పంక్చర్ (వెన్నులోని ద్రవం కోసం నడుములో సూది గుచ్చడం) దాని కింద చేస్తారు. చాలు, ముందుకు నడవండి.

నిద్ర: నిజానికి మొదలు ఇదే

రెండు వారాలు మీ నిద్రనే రాసుకోండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపటికి పట్టింది, ఎన్నిసార్లు లేచారు, తెల్లారి ఎన్నింటికి మెలకువ, చివరి టీ ఎప్పుడు, ఫోన్ ఎప్పుడు పక్కన పెట్టారు. పేషెంట్‌ని అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే కాబట్టి స్లీప్ హిస్టరీ అప్పటికే వచ్చేసినట్టు. పదకొండున్నరకి కిందికి దిగి టీ తాగి, ఒంటిగంటకి నిద్ర పట్టట్లేదని గొణుక్కునే మీ ఫ్రెండ్‌కి కారణం చెప్పగలరు కూడా. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర ముంచుకొస్తుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన రిసెప్టర్‌లో తను కూర్చుంటుంది. మళ్ళీ మూడో స్టేషన్. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

దశల్ని తెలుగు మాటలతో కట్టుకోండి. కునుకు ఎన్1. మామూలు నిద్ర ఎన్2, రాత్రిలో దాదాపు సగం ఇదే. ఒళ్ళు తెలియని గాఢనిద్ర ఎన్3. కలల నిద్ర రెమ్, దాన్ని 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ బయటపెట్టారు. ఒక చుట్టు సుమారు తొంభై నిమిషాలు. గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ, రెమ్ తెల్లవారుజామున ఎక్కువ. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే, పిల్లాడు పడుకున్న కాసేపటికి లేచి నడవడం, కేకలు పెట్టి పొద్దున ఏమీ గుర్తులేదనడం ఎన్3 సంగతని, తెల్లవారుజామున పీడకలతో లేచి కల మొత్తం చెప్పడం రెమ్ సంగతని మీరే రాసేయగలరు.

ఇప్పుడు అసలైన విషయం. నిద్రకీ మగతకీ తేడా. తలకు దెబ్బ తగిలిన కుర్రాడి తల్లి "ఇప్పుడే హాయిగా నిద్రపోయాడమ్మా, లేపకు" అంటుంది. మీరు లేపాలి. నిద్రపోతున్నవాడు లేపితే లేస్తాడు, లేచాక మెలకువగా ఉంటాడు, విసుక్కుంటాడు. మగతలో ఉన్నవాడు కళ్ళు తెరిచి, మాట మధ్యలోనే మళ్ళీ జారిపోతాడు. మనల్ని మెలకువగా ఉంచేది బ్రెయిన్‌స్టెమ్‌లోని రెటిక్యులర్ యాక్టివేటింగ్ సిస్టమ్. అది రాత్రి సహజంగా తగ్గితే నిద్ర, నొక్కుకుపోతే మగత, ఇంకా ముదిరితే కోమా. దాన్ని కొలిచేదే 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ తయారుచేసిన జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్): కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6. అన్నిటికంటే తక్కువ 3, సున్నా కాదు. 8 లేదా అంతకంటే తక్కువైతే గాలిదారి గురించి భయపడాలి. మొత్తం ఒక్క అంకె రాసి ఊరుకోకండి, మూడూ విడివిడిగా రాయండి. డ్యూటీ మారాక వచ్చే సిస్టర్‌కి ఏది తగ్గిందో తెలియాలి కదా.

వయసు పైబడ్డ పల్లెటూరి పేషెంట్‌ని "డేట్ ఎంత?" అని అడిగి, చెప్పకపోతే మార్కు కోసేయకండి. ఆయనకి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా తారీఖు తెలియకపోవచ్చు. వారం అడగండి, దాటిన పండగ అడగండి.

మూడ్: నిద్ర గుమ్మంలోంచి లోపలికి

మూడ్ డిజార్డర్స్ చదివేటప్పుడు రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. "నిద్ర పట్టట్లేదు." "నిద్ర అక్కర్లేదు." మొదటిది డిప్రెషన్ మాట, రెండోది మేనియా మాట. కేస్ షీట్‌లో రెండింటికీ మనం ఒకేలా "డిస్టర్బ్డ్ స్లీప్" అని రాసి చేతులు దులుపుకుంటాం.

డిప్రెషన్‌లో ఉన్న మనిషి పడుకోవాలనుకుంటాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, మళ్ళీ పట్టదు, ఆ చీకట్లో కూర్చుని పాత తప్పులన్నీ తవ్వుకుంటాడు. పొద్దున బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడతాడు. మామూలు కంటే రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందే లేవడం, పొద్దున పూట ఎక్కువగా కుంగిపోవడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే జాగ్రత్తగా వినండి. కొందరు దీనికి పూర్తి విరుద్ధంగా అతిగా పడుకుంటారు కూడా.

మేనియాలో ఉన్న మనిషి మూడు గంటలు పడుకుని తెల్లారేసరికి ఇల్లంతా కడిగి, రంగులకి మేస్త్రీని పిలిచి, బీరువాలో డబ్బంతా పెట్టి కొత్త వ్యాపారం మొదలుపెట్టేసి ఉంటాడు. అలసట ఉండదు. ఇంట్లోవాళ్ళకి ఉంటుంది. డిప్రెషన్‌తో వచ్చిన పేషెంట్ బంధువుల్ని "ఇంతకుముందు ఎప్పుడైనా నిద్రే లేకుండా మహా హుషారుగా తిరిగిన రోజులున్నాయా?" అని తప్పకుండా అడగండి. ఉంటే అది డిప్రెషన్, మేనియా రెండూ వచ్చే బైపోలార్ కావచ్చు. అలాంటివాళ్ళకి యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే మేనియాలోకి పోయే ప్రమాదం ఉంది. స్టూడెంట్ అడిగిన ఈ ఒక్క ప్రశ్నతో డాక్టర్ ట్రీట్‌మెంట్ మారడం నేను చూశాను.

రోజుల లెక్కలు గుర్తుంచుకోక తప్పదు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం డిప్రెషన్‌కి తొమ్మిది లక్షణాల్లో ఐదు, రెండు వారాలు, వాటిలో దిగులు లేదా ఇష్టం పోవడం తప్పనిసరిగా ఒకటి. మేనియాకి ఏడు రోజులు, లేదా ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే రోజుల లెక్కే లేదు. అంత తీవ్రం కాని మేనియా, అంటే హైపోమేనియాకి నాలుగు రోజులు. తక్కువ స్థాయిలో ఏళ్ళ తరబడి సాగే డిప్రెషన్‌కి రెండేళ్ళు. మూడ్ అంటే పేషెంట్ చెప్పింది, అఫెక్ట్ అంటే మీకు కనిపించింది. నవ్వుతూ "చచ్చిపోవాలనుంది" అన్నవాడి దగ్గర రెండూ వేరు వేరు, రెండూ రాయాలి.

మందుల్లో యాంటీడిప్రెసెంట్ల గురించి ఇంటివాళ్ళకి రెండు మాటలు చెప్పడం నేర్చుకోండి. మన దగ్గర సైకియాట్రీ మాత్ర ఏదైనా "నిద్రమాత్ర"గానే పేరుపడుతుంది. అందుకే నిద్ర పట్టిన రోజు మానేస్తారు. ఇది నిద్రమాత్ర కాదని, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, బాగుందని చటుక్కున ఆపకూడదని చెప్పండి. రెండోది ఇంకా ముఖ్యం. మొదటి వారాల్లో మనసు తేలికపడక ముందే ఒంట్లో ఓపిక రావచ్చు. అంతవరకు చేతకాక ఆగిన ఆలోచన అప్పుడు పనిగా మారే ప్రమాదం ఉంది. "లేచి తిరుగుతున్నాడుగా, ఇంక పర్లేదు" అని కాపలా వదలకూడదు.

లిథియం, రోహిణి కార్తె, ఆవకాయ

బైపోలార్‌కి ఇచ్చే లిథియం పాఠం మన ఊళ్ళకే రాసినట్టుంటుంది. రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.2 mEq వరకు పనిచేస్తుంది, 1.5 దాటితే విషం. మధ్యలో ఉన్న సందు అంతే. చివరి డోస్ వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి. పొద్దున మాత్ర వేసుకుని వచ్చేస్తే ఆ రిపోర్ట్ దండగ.

కిడ్నీ సోడియంనీ లిథియంనీ దాదాపు ఒకేలా చూస్తుంది. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే సోడియంతో పాటు లిథియంనీ పట్టి ఉంచేసుకుంటుంది. విజయవాడ మే నెల ఎండలో చెమటలు కారేలా పనిచేసి నీళ్ళు సరిగ్గా తాగనివాడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నవాడు, బీపీ అని ఎవరో చెబితే ఆవకాయ, మజ్జిగలో ఉప్పు ఒక్కసారే మానేసినవాడు, ముగ్గురూ ఒకే ప్రమాదంలో ఉన్నారు. ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో కొన్న ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా లిథియం పెంచుతాయి. వేళ్ళు సన్నగా వణకడం మామూలుగా ఉండేదే. చెయ్యి పెద్దగా వణికితే, నడక తూలితే, మాట ముద్దగా వస్తే, విరేచనాలు మొదలైతే డోస్ ఆపి డాక్టర్‌కి చెప్పాలి. హెల్త్ ఎడ్యుకేషన్ ప్రశ్నకి జవాబు ఇలా రాయండి. "ఉప్పు పెంచకండి, తగ్గించకండి, రోజూ తినేంతే తినండి" అన్న వాక్యం అందులో ఉండాలి.

సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనేటప్పుడు

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు బేరమాడి కొనని నర్సింగ్ విద్యార్థి ఉండదు, నేనూ కొన్నాను. కానీ రెండు చోట్ల తెరిచి చూడండి. నాన్‌రెమ్, అంటే రెమ్ కాని నిద్రని నాలుగు దశలుగా చెబితే అది పాతది. 2007లో మూడు, నాలుగు దశల్ని కలిపి ఎన్3 చేశారు. చట్టం దగ్గర 1987 మెంటల్ హెల్త్ యాక్ట్‌తోనే ఆగిపోతే ఆ అధ్యాయం పక్కన పెట్టండి. 2017 చట్టం వచ్చి, 2018 మే నుంచి అమలవుతోంది. ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) ఇప్పుడు మత్తు, కండరాల సడలింపు మందు ఇచ్చే చేయాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. బొమ్మలు మాత్రం పాత పుస్తకాల్లోనే బాగుంటాయి, దానికోసం కొనుక్కోవచ్చు.

వార్డులో, పరీక్షలో

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్‌ని ఇంగ్లిష్ ఫార్మాట్ ప్రకారం రాయండి కానీ తెలుగులో అడగండి. సామెత అర్థం అడగాల్సిన చోట "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనండి. "బురదలో నడిస్తే కాళ్ళకి మట్టి అంటుతుంది" అని ఆగిపోతే ఒక అర్థం, "తప్పు చేయడమెందుకు, దిద్దుకోవడమెందుకు" అంటే ఇంకో అర్థం. వందలోంచి ఏడు తీసివేయమంటే బడికి పోనివాళ్ళు బిగుసుకుపోతారు. "కూరగాయలకి 35 అయింది, వంద ఇచ్చావు, ఎంత తిరిగివ్వాలి?" అంటే ఆ మిర్చి యార్డు కూలీ మనకంటే ముందే చెబుతాడు.

కేర్ ప్లాన్‌లో నర్సింగ్ డయాగ్నసిస్ వరస దగ్గరే మార్కులు పోతాయి. డిప్రెషన్ అనగానే తేలిగ్గా తోచే "డిస్టర్బ్డ్ స్లీప్ ప్యాటర్న్" పైన రాసేస్తాం. ప్రాణం ముందు: ఆత్మహత్య ప్రమాదం మొదటిది. ఆ తర్వాతే తిండి, నిద్ర. మేనియా పేషెంట్ కూర్చుని తినడు, నడుస్తూ తినగలిగేది ఇవ్వాలి. సీనియర్ల రికార్డుల్లో శాండ్‌విచ్ అని ఉంటుంది, పుస్తకంలోంచి దింపింది. మన వార్డులో ఎవరు తెస్తారు? ఇడ్లీ, అరటిపండు, చపాతీ చుట్ట అని రాయండి.

జవాబులో బొమ్మ అడగకపోయినా వేయండి. రోజూ సాయంత్రం పుస్తకం మూసి ఒక కాగితం నింపి, తర్వాత తెరిచి తప్పులు దిద్దుకోండి. పది సార్లు చదివిన పేజీ కంటే రెండు సార్లు చూడకుండా రాసిన పేజీ నిలుస్తుంది. వీలైతే ఫోన్‌లో అమ్మకి చెప్పండి. వైద్యం మాటలేవీ తెలియని అమ్మకి లిథియం గురించి అర్థమయ్యేలా చెప్పగలిగితే మీకు వచ్చినట్టే.

ఇక మీ సంగతి

ఈ పాఠాలు చదువుతుంటే ప్రతి జబ్బూ మనకే ఉన్నట్టు అనిపిస్తుంది. అది అందరికీ జరిగేదే, నాలుగు రోజుల్లో పోతుంది. కానీ రెండు వారాలుగా నిజంగానే ఏమీ చేయబుద్ధి కాకపోతే, తిండి సహించకపోతే, బతకాలని లేకపోతే ఎగ్జామ్ టెన్షన్ అని తోసేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నర్సింగ్ చదువుతూ నేనే ఫోన్ చేయడమేంటన్న సిగ్గు వద్దు.

పరీక్ష ముందు రాత్రి మేలుకుని చదవడం మన కాలేజీల ఆచారం. చదివింది నిలిచేది నిద్రలోనే అని ఈపాటికి మీకే తెలుసు కాబట్టి కనీసం ఐదారు గంటలైనా పడుకోండి. నైట్ డ్యూటీ వారంలో కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి, పాత కాగితాలు తిరగేయండి. డ్యూటీలో చివరి టీ మూడింటికి ముందే అయిపోవాలి. పొద్దున హాస్టల్‌కి వచ్చే దారిలో ఎండ కళ్ళల్లో పడకుండా చున్నీ కప్పుకోండి, కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, ఫోన్ రూమ్‌మేట్‌కి ఇచ్చేయండి. నైట్లు అయిపోయిన రోజు మాత్రం పగలు గంటన్నర పడుకుని లేచిపోండి. రాత్రి తొందరగా పడుకోవాలంటే ఆ మాత్రం ఆకలి మిగల్చాలి నిద్రకి.